ముప్ఫై నాలుగు కిలోల లోటు

మే నెల మొదటి సోమవారం ఉదయం పదకొండు గంటలకు, చింతలగెడ్డలో గిరిసీమ పశురక్షణ మండలి కార్యాలయం గేటు దగ్గర, సంచార సహాయకురాలు కిల్లో జయంతి బండి మీంచి కింద పడింది. ఆ సమయంలో బండి మనిషి నడకకన్నా నెమ్మదిగా పోతోంది. అడ్డొచ్చింది గేటు కింద పోసిన సిమెంటు గట్టు. దెబ్బలేమీ తగల్లేదు. చూసింది అటెండరు సూరిబాబు, గేటు నీడలో పడుకున్న కుక్క. కుక్క లేచి కాస్త దూరం జరిగి మళ్ళీ పడుకుంది.

"ఏటమ్మా, గుర్రంలాగ ఎత్తి పడేసింది," అన్నాడు సూరిబాబు.

"గుర్రమైతే ముందు సెవులు ఎనక్కి పెట్టి సెప్తాది. ఇది సెప్పనేదు," అంది జయంతి, మోచేతికి అంటిన దుమ్ము దులుపుకుంటూ.

ఆ బండికి నాలుగు లావు చక్రాలు, మోటారు సైకిలుకున్నట్టు సీటూ హ్యాండిలూ, వెనక సామాను కట్టుకోడానికి ఇనప చట్రం ఉంటాయి. సముద్రం ఒడ్డున సెలవులకి వచ్చినవాళ్ళని ఇసకలో తిప్పే పార్కు ఒకటి మూతపడితే, అక్కడి పాత బండిని మండలి కొన్నది. కాగితాల్లో దాని పేరు 'చతుశ్చక్ర గిరిసంచార వాహనము'. కొండమీద ఊళ్ళలో దాన్ని నాలుక్కాళ్ళ బండి అంటారు. జయంతి కింద పడ్డ ఉదయమే బండికి కుదుపులాపే షాకులు బాగుచేయించి, సర్దుబాటు చేయించి, సీసం సీలు వేయించి తెచ్చారు. అలా బాగుచేయించడం వల్లనే ఆమె పడింది.

జరిగిన సంగతి ఇది.

కొండమీద ఏడు ఊళ్ళలో పశువులకి వానలు పడేలోగా గురకవ్యాధి టీకాలు వేయడం జయంతి పని. ఆ జబ్బు వానతో పాటు వస్తుంది. గొంతు వాచి, పశువు గురక పెడుతుంది. మర్నాటికి ఉండదు. కిందటేడు జయంతి మందు పెట్టె నెత్తిన పెట్టుకుని నడిచి వెళ్ళింది. అన్నిటికన్నా పైనున్న పాలజోడు చేరేసరికి పెట్టెలో మంచు నీళ్ళయింది, మందు పనికిరాకుండా పోయింది. ఆ వానాకాలంలో పాలజోడులో పదకొండు దుక్కిటెద్దులు చచ్చిపోయాయి. రాగులు పండే చోడి చేలలో మనుషులే కాడి లాగారు. జయంతి అది చూసింది. బండి కావాలని అర్జీ పెట్టింది అప్పుడే.

బండి వచ్చేసరికి దాని షాకులు నాలుగూ నూనె కారుతున్నాయి. ఏప్రిల్లో దాన్ని బైపాసు రోడ్డు మీద పైడినాయుడు షెడ్డుకి తోలారు. మండలి ఆస్తిని మెకానిక్కుతో ఒంటరిగా వదలరాదు కాబట్టి సూపరింటెండెంటు త్రినాథరావు కూడా వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

పైడినాయుడు మొదటి షాకు విప్పాడు. నల్లటి నూనె ధారగా కారింది.

"ఎవడో గానీ దీన్ని హత్య సేసీసినాడమ్మా. రబ్బరు సీలు తిరగేసి బిగించీసినాడు. గేసు నేదు. ఇలాటోళ్ళని షెడ్డు పెట్టనివ్వకూడదు."

జయంతి వంగి చూసింది. "నాయుడుగారూ, గొట్టం మీద పై.నా. అని గీసుందేటి?"

పైడినాయుడు గొట్టాన్ని రెండోవైపుకి తిప్పి గుడ్డతో తుడిచాడు. "అది కంపెనీ గుర్తు తల్లీ," అన్నాడు.

ఈసారి మాత్రం పని శ్రద్ధగా చేశాడు. సీళ్ళు మార్చాడు, కొత్త నూనె పోశాడు, గ్యాసు పట్టించాడు. బిగించి నేల మీద నిలబెట్టాక టేపు తీసుకున్నాడు.

"ఎవరు తోల్తారు? బరువెంత?"

"నేనే. నలభై ఆరు."

"దా, ఎక్కి కూకో. మనిషి కూకుంటే బండి పావొంతు దిగాల. స్ప్రింగు మీద ఈ రింగుంది సూడు, బిగిస్తే బండి గట్టిపడతాది, వదిల్తే మెత్తబడతాది. నీ బరువుకి వదలకపోతే ప్రతి రాయికీ నిన్ను ఎత్తి పడేస్తాది. టీ తాగినంత సేపు పని."

"ఆగవయ్యా," అన్నాడు త్రినాథరావు స్టూలు మీంచి. "వాహనమును నడుపు వ్యక్తికి అనుగుణముగా సర్దుబాటు చేయవలెనని ఉత్తర్వు. నడుపు వ్యక్తి ఎవరు?"

"ఎదురుగానే ఉంది కదండీ."

"ఎదురుగా ఉన్నది కిల్లో జయంతి. బండి మంజూరయింది సంచార సహాయకుల పోస్టుకి. రేపు ఈవిడకి బదిలీ అయి తొంభై కిలోలవాడు వస్తే? మండలి వాహనాన్ని ఒక ఉద్యోగి ఒంటి కొలతకి కుట్టించినట్టు కాదా?"

"ఆడొచ్చినప్పుడు మళ్ళీ తిప్పుకుంటాడు బాబూ. రింగున్నది తిరగడానికే."

"ఎవరికి తోచినట్టు వాళ్ళు తిప్పుకోడానికి అది రేడియో కాదు."

పైడినాయుడు టేపు జేబులో పెట్టుకున్నాడు. "అయితే మీ పోస్టు బరువెంతో సెప్పండి, దానికే కడతాను."

త్రినాథరావు ఫైలు తెరిచి వెతికాడు. పోస్టుకి జీతం ఉంది, అర్హతలున్నాయి, కుర్చీ ఉంది, కుర్చీ మీద తువ్వాలు ఉండాలో వద్దో కూడా ఉంది. బరువు లేదు. ఇంత సర్వీసులో అంత పెద్ద ఖాళీ ఆయన కంటపడలేదు. ఫైలు చంకన పెట్టుకుని ఆటో ఎక్కాడు.

మండలి సహాయ సంచాలకులు డాక్టర్ మృత్యుంజయం విషయాన్ని తేలిగ్గా తీసుకునే మనిషి కాదు. పోస్టుల బరువు నిర్ధారణకు ఒక ఉపసంఘం వేసి, దానికి తానే అధ్యక్షుడయ్యాడు. ముందు వాస్తవాలు సేకరించాలన్నాడు. అందరూ ఆఫీసు వెనకనున్న పశువుల కాటా దగ్గరికి నడిచారు. దూడలు కదలకుండా కట్టిన కటకటాల మధ్య ఒక్కొక్కరే నిలబడ్డారు. మృత్యుంజయం అరవై మూడు తూగాడు. త్రినాథరావు తాళాల గుత్తితో కలిపి యాభై ఎనిమిది. సూరిబాబు తొంభై ఒకటి.

మృత్యుంజయం ముల్లు వైపు మరోసారి వంగి చూశాడు.

"అటెండరు నా కంటె ఇరవై ఎనిమిది కిలోలు ఎక్కువ తూగడాన్ని పరిపాలనాపరంగా ఎలా అర్థం చేసుకోవాలి త్రినాథరావుగారూ?" అన్నాడు మృత్యుంజయం.

"అది వ్యక్తిగత బరువు సార్. పదవీ బరువు కాదు."

ఆ మాటతో దారి దొరికింది. బరువు పదవిని బట్టి ఉండాలి తప్ప తిండిని బట్టి కాదని ఉపసంఘం తేల్చింది. అటెండరు అరవై కిలోలు, గుమస్తా డెబ్భై, సంచార సహాయకులు ఎనభై, సూపరింటెండెంటు తొంభై, సహాయ సంచాలకులు నూరు. సంచాలకుల బరువు దగ్గర గీత గీసి వదిలారు. దాన్ని వారే నిర్ణయించుకోవాలి.

"మరి నాకు ముప్పయ్యొక్క కిలో మించిపోనాది కదండీ. ఏటి సెయ్యాల?" అని సూరిబాబు అడిగాడు.

"ప్రస్తుతానికి దాన్ని స్వచ్ఛంద సేవగా పరిగణిద్దాం," అన్నాడు మృత్యుంజయం.

"నాది నలభై ఆరే సార్," అంది జయంతి.

"అది మీ సొంత విషయమమ్మా. కార్యాలయం అందులో జోక్యం చేసుకోదు."

పైడినాయుడు రింగులు ఎనభైకి బిగించాడు. వాటి మీద త్రినాథరావు సీసం సీలు వేయించాడు. జయంతి బండి ఎక్కి గేటు దాకా వచ్చింది. తరవాత సంగతి చెప్పిందే.

అదే రోజు మధ్యాహ్నం ఆమె పైడినాయుడి దగ్గరికి వెళ్ళింది.

"సీలు తెంపి కొంచెం వదులు సెయ్యి నాయుడుగారూ. ఎవరు సూడొచ్చినారు?"

"తల్లీ, సీసం తెంపితే నన్ను తెంపుతారు. వాళ్ళ కాగితానికి ఒక్కసారి నా పేరెక్కిందంటే సచ్చినా దిగదు."

మర్నాడు ఆమె మృత్యుంజయం ఎదట నిలబడి షాకులు తన బరువుకి సర్ది ఇమ్మని అడిగింది. ఆయన ఫైలు తిరగేశాడు.

"షాకులు సరిగ్గానే ఉన్నాయి. మీరే ముప్ఫై నాలుగు కిలోలు తక్కువున్నారు. లోటు ఎప్పటిలోగా పూరించగలరు?"

"తిండితోనా సార్?"

"మార్గం మీ ఇష్టం."

"ఇద్దరు పిల్లల్ని కన్నాక కూడా నలభై ఆరు దాటలేదు సార్. కొండలెక్కి దిగేవాళ్ళకి ఒంటి మీద నిలవదు. వచ్చే నెల వానలొచ్చేస్తాయి. ఏడూళ్ళలో ఒక్క ఊరికీ టీకా పడలేదు. పాలజోడు సంగతి మీకు తెలుసు."

మృత్యుంజయానికి తెలుసు. మనిషి చెడ్డవాడు కాదు. త్రినాథరావును పిలిచి, వెనక ఇసక బస్తా కట్టిస్తే ఎలా ఉంటుందని అడిగాడు.

"ఇసకకి వేరే శాఖ అనుమతి కావాలి సార్. ఇచ్చినా లారీకి తక్కువ ఇవ్వరు. ముప్ఫై నాలుగు కిలోలు మనం ఉంచుకుని మిగతాది ఎక్కడ పోసినా అక్రమ నిల్వ అవుతుంది."

"రాళ్ళు?"

"రాయి సరుకు కిందికి వస్తుంది. సరుకు గడి వేరు, వ్యక్తి గడి వేరు. వ్యక్తి ప్రాణి కాబట్టి వ్యక్తిలో లోటు కూడా ప్రాణితోనే పూరించాలి. ఇంకో మనిషిని ఎక్కిద్దామంటే బండికి ఒక్క మనిషికే అనుమతి."

మృత్యుంజయం కిటికీలోంచి చూశాడు. షెడ్డులో మండలి మేకపోతు నెమరు వేస్తోంది. జాతి అభివృద్ధి కోసం దూరదేశం నుంచి తెప్పించిన పోతు అది. దానికి సంబంధించిన పథకం ఇంకా రాలేదు. పోతు మాత్రం ముందే వచ్చి, తింటూ ఉంది. స్టాకులో దాని పేరు పోతు నంబరు పద్నాలుగు. మొదటి పదమూడు ఎక్కడున్నాయో ఎవరూ అడగలేదు.

దాన్ని కాటా ఎక్కించారు. ముల్లు ఊగి ఊగి ముప్ఫై నాలుగు దగ్గర నిలిచింది. త్రినాథరావు రెండు చేతులూ జోడించి కాటాకి దణ్ణం పెట్టాడు.

సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది: 'వాహన చోదన నిమిత్తము సంచార సహాయకురాలు శ్రీమతి కిల్లో జయంతి మరియు పోతు నెం. 14 కలిసి ఒక వ్యక్తిగా పరిగణించబడుదురు.'

జయంతి దాన్ని రెండుసార్లు చదివింది. తరవాత వెదురు బోను ఒకటి అల్లించి బండి వెనక కట్టించింది. ముందు మందు పెట్టె, మధ్య తను, వెనక బోనులో పోతు. నిజం చెప్పాలంటే బండి బాగా నడిచింది. గేటు గట్టు మీద మెత్తగా ఎక్కి మెత్తగా దిగింది. పోతు ఆమె భుజం మీదుగా దారి చూస్తూ నిలబడింది.

కొండ మొదట్లో చెక్‌పోస్టు కానిస్టేబులు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏటమ్మా, మేక అమ్మకానికా?"

జయంతి ఉత్తర్వు ఇచ్చింది. ఆయన చదివి, పోతును చూసి, మళ్ళీ చదివాడు.

"ఇద్దరూ కలిపి ఒక మనిషి."

"అవును బాబూ."

"మరి ఆ తలకాయకి హెల్మెట్టేదీ?"

"ఒక మనిషికి ఒక హెల్మెట్టే కద బాబూ. పెట్టుకున్నాం."

కానిస్టేబులు ఆలోచించి గేటెత్తాడు. "ఎల్లండి," అన్నాడు, బహువచనంలో.

మొదటి ఊరు గుంటమామిడి. టీకాలమ్మ వస్తోందంటే ఆ ఊళ్ళో పశువుల్ని అడవిలోకి తోలేయడం వాడుక. సూది వేసినచోట బొప్పి కడుతుంది, దుక్కి రోజుల్లో ఎద్దు కాడి మొయ్యదని వాళ్ళ భయం. ఆ ఉదయం కూడా సగం మంద అడవి దారి పట్టింది. అంతలో బోనులో పోతు తల తిప్పింది. దాని చెవులు మోకాళ్ళ దాకా వేలాడాయి.

"ఓలమ్మ, ఈ పోతు ఏ ఊరిదే? సెవులు సూడు, అరిటాకుల్లాగున్నాయి," అంది ఒక ఆడమనిషి.

"ఆఫీసుది," అంది జయంతి.

"దేనికి తెచ్చినావు?"

"బరువుకి."

వీధి వీధంతా నవ్వింది. "బరువుకంట. సెప్పడానికి సిగ్గుపడతంది పాపం."

ఇంకాసేపటికి బండి చుట్టూ ఇరవై ఆడమేకలు చేరాయి. తాళ్ళు పట్టుకున్నవాళ్ళు పోతును దించమన్నారు. జయంతికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక బోను తలుపు మీద చెయ్యి వేసి నిలబడింది.

"ముందు ఎద్దుకి సూది. తరవాత మేకకి పోతు. ఎద్దులేనోళ్ళు ఆవుని తెండి."

"ఒలే, ఇదేటి బేరమే?"

"ఇష్టమైనోళ్ళే తెండి. పోతుకేటి తొందర్నేదు."

అడవిలోకి పోయిన మంద పొద్దెక్కకముందే వెనక్కి వచ్చింది. ఆ రోజు గుంటమామిడిలో టీకా పడని పశువు లేదు. కబురు బండి కన్నా ముందు పోయింది. రెండో ఊళ్ళో పశువుల్ని అప్పటికే వరసగా కట్టి ఉంచారు. మూడో ఊళ్ళో పోతుకి పసుపు రాసి, చోళ్ళ అంబలి పట్టారు. మే నెల ఆఖరికి ఆరూళ్ళు అయిపోయాయి. పాలజోడు ఒక్కటే మిగిలింది.

నెలాఖరున 'వ్యక్తి'ని కాటా ఎక్కించడం నియమం. జయంతి నలభై ఆరు. పోతు ఇరవై తొమ్మిది.

"ఐదు కిలోలు ఎక్కడ పోయాయి?" అన్నాడు మృత్యుంజయం.

"ఊళ్ళలో సార్."

"ఊళ్ళలో అంటే?"

"ఆరూళ్ళలోనూ కొంచెం కొంచెం."

త్రినాథరావు గొంతు సవరించుకున్నాడు. "వ్యక్తిలో ఐదు కిలోల లోటు ఏర్పడింది సార్. లోటున్న వ్యక్తి వాహనం నడపరాదు. పోతు పూర్వపు బరువు పొందేదాకా వాహనాన్ని తాళంలో ఉంచాలి. పోతు షెడ్డు దాటరాదు. విశ్రాంతి, ఉలవలు."

"ఐదు కిలోల మేకపిల్లని ఒళ్ళో పెట్టుకుంటాను సార్," అంది జయంతి.

"ముగ్గురు కలిసి ఒక వ్యక్తి కావాలంటే అది సంచాలకుల స్థాయిలో జరగాలి," అన్నాడు త్రినాథరావు.

"పోనీ, నడిచి వెళ్ళిపోతాను. రాత్రి బయల్దేరితే మంచు కొంత మిగల్తాది."

మృత్యుంజయం తల అడ్డంగా ఊపాడు. "బండి మంజూరైన పోస్టు నడిచి వెళితే బండి అక్కర్లేదని తేలుతుందమ్మా. వచ్చే యేడు తీసేస్తారు. మీ మంచికే చెబుతున్నాను."

ఆ సాయంత్రం పడమటి కొండ మీద మబ్బు పట్టింది. మర్నాడు జయంతి సంతకి వెళ్ళింది. కొర్రా సోంబారి అడ్డాకుల మోపు దించి, చెమట తుడుచుకుంటోంది. పాలజోడు మనిషి. కిందటేడు పోయిన పదకొండు ఎద్దుల్లో ఒకటి ఆమెది. జోడులో రెండోది మిగిలింది.

"పోతు మా ఊరికి ఎప్పుడొస్తాదే జయంతీ? అందరి మేకలూ సూడి కట్టినాయి, మావి మిడకతన్నాయి."

"రాదమ్మా. సిక్కిపోనాదని ఆఫీసోళ్ళు ఇల్లు కదలొద్దన్నారు."

"ఆరూళ్ళు తిరిగితే సిక్కిపోదేటి? మా ముసిలోడు ఒక్క ఊళ్ళోనే సిక్కిపోనాడు." సోంబారి ఆకుల మోపు మీద కూర్చుంది. "అయితే మేమే దిగొస్తాం. పోతు ఉంటాదా?"

జయంతి కొండ మీది మబ్బుని చూసింది.

"ఉంటాది. మేకల్ని వొట్టినే తేకండి. ఎద్దుల్నీ తోలుకురండి, ఊరి మందంతా. మందు ఆఫీసు ఫ్రిజ్జులోనే ఉంది. ఎద్దుకి సూది పడకపోతే పోతుని సూపించను."

"దుక్కి రోజులే."

"తెలుసు. కిందటేడూ దుక్కి రోజులే."

సోంబారి మోపు మీంచి లేచి ఆకులు అమ్ముకోడానికి పోయింది.

రెండు రోజుల తరవాత పొద్దున్నే కార్యాలయం గేటు ముందు రోడ్డు కనిపించలేదు. కనిపించినంత మేరా కొమ్ములే. పాలజోడు పాలజోడంతా దిగింది. సూరిబాబు గేటుకి అడ్డంగా నిలబడ్డాడు. ఆయన స్వచ్ఛంద సేవ మొదటిసారి పనికొచ్చింది. త్రినాథరావు మెట్లు దిగి వచ్చాడు.

"కార్యాలయ ఆవరణలోకి పశువులకు ప్రవేశం లేదు."

"ఇది పశువుల ఆపీసే కద బాబూ," అంది సోంబారి.

"పశువులకు సంబంధించిన కార్యాలయం. పశువుల కార్యాలయం కాదు."

గొడవ విని మృత్యుంజయం బయటికొచ్చాడు. ఆయన ఉద్యోగంలో చేరిన నాటినుంచి పశువులు తమంతట తాము మండలికి రావడం అదే మొదలు. కాసేపు చూశాడు. తరవాత సూరిబాబుని పిలిచి, మహా పశువైద్య శిబిరం అని ఒక గుడ్డ మీద రాయించి గేటుకి కట్టమన్నాడు. ఫొటోగ్రాఫరుకి కబురు పెట్టమన్నాడు.

"పోతేదీ బాబూ?" అంది సోంబారి.

"పోతు విశ్రాంతిలో ఉంది. షెడ్డు దాటరాదని ఉత్తర్వు."

"మేము దాటించం. మా మేకలే లోపలికెల్తాయి."

మృత్యుంజయం త్రినాథరావు వైపు చూశాడు. త్రినాథరావు ఉత్తర్వు తెప్పించి, నిలబడి మొదటినుంచి చివరిదాకా చదివాడు.

"పోతు బయటికి రారాదనే ఉంది సార్. ఇతరులు లోపలికి పోరాదని లేదు." ఉత్తర్వు రాసింది తనే కనక ఆ మాట కొంత గర్వంగా అన్నాడు.

జయంతి అప్పటికే కటకటాల దగ్గర సిరంజీ నింపుతోంది. వరస కదిలింది. ఒక్కో ఎద్దు కాటా కటకటాల్లోంచి దూరి, సూది వేయించుకుని, అవతలకి పోయేది. ఎద్దు అవతలకి పోతే సూరిబాబు ఆ ఇంటి మేక తాడు వదిలేవాడు. మేక షెడ్డులోకి పోయేది. ఫొటోగ్రాఫరు వచ్చి మృత్యుంజయాన్ని ఎద్దు పక్కన నిలబెట్టాడు. ఎద్దు ముందు కదిలింది, తరవాత ఆయన కదిలాడు.

సోంబారి తన ఎద్దుని ఆఖరున తెచ్చింది. కొమ్ము తనే పట్టుకుంది.

"బొప్పి కడతాదా?"

"కడతాది. వేడినీళ్ళ కాపడం పెట్టు. నాల్రోజులు కాడి కట్టకు."

"జోడు నేదు కద. కట్టడానికేటుంది," అంది సోంబారి. "వెయ్యి."

మూడు గంటలకు ఆ ఎద్దుకి టీకా వేయడం అయింది. మంద కొండ దారి పట్టింది. ఐదు గంటలకు చింతలగెడ్డలో వాన మొదలయింది.

ఆ రోజు పోతును కాటా ఎక్కించారు. ఇరవై నాలుగు కిలోలు తూగింది.